తొందర లేని కంప్యూటరు

ఆ శనివారం గోపాలస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఫిల్టరు కాఫీ తాగి, కోడంబాక్కంలో బస్సెక్కి, మౌంట్ రోడ్డులో దిగి, రిచ్చీ వీధిలో ఒక కంప్యూటరు కొనాలి. దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మధ్యాహ్నం భోజనానికి ముందే భార్య కోకిల ముందు పెట్టాలి. ఆవిడ ఆడుతుంటే వెనక నిలబడి చూడాలి. ఆ తర్వాత సాంబారన్నం తిని పడుకోవాలి. ఇందులో కష్టమైనదేదీ ఆయనకు కనిపించలేదు. రిటైరైన మొగుళ్ళ పథకాలన్నీ బయల్దేరేటప్పుడు ఇంత చక్కగానే ఉంటాయి.

కోకిల వేళ్ళ గురించి ముందు చెప్పాలి. చింతాద్రిపేటలో లారీల స్పేర్ పార్టులు అమ్మే ఒక కంపెనీలో ఆవిడ చాలా ఏళ్ళు టైపిస్టుగా పనిచేసింది. ఆవిడ టైపు చేయడం చూసినవాళ్ళు ఆ సంగతి ఇంటికి వెళ్ళి చెప్పుకునేవారు. కళ్ళేమో కిటికీలోంచి కూవం నది ఒడ్డున ఆరేసిన బట్టల మీద ఉండేవి. నోరు పక్క సీటావిడతో వంకాయ కూర గురించి మాట్లాడుతుండేది. వేళ్ళు మాత్రం మేనేజరు బాలసుందరం చెబుతున్న ఉత్తరాన్ని ఆయన కంటే ముందే ముగించి, ఆయన చేసిన తప్పులు కూడా దిద్దేసేవి. ఆయన అది చదువుకుని, ఇంత బాగా చెప్పింది తానేనా అని ఆశ్చర్యపోయి సంతకం పెట్టేవాడు.

కంపెనీకి మొదటి కంప్యూటరు వచ్చిన రోజున మిగతా స్టాఫు దానికి దణ్ణం పెట్టి దూరంగా నిలబడ్డారు. కోకిల దాని ముందు కుర్చీ లాక్కుని కూచుంది. అది 286 అనే రకం. అప్పట్లో కంప్యూటర్లకు అంకెలే పేర్లు. 286 తర్వాత 386, ఆ తర్వాత 486. అంకె పెరిగినకొద్దీ వేగం పెరిగేది. ఎవరు పెట్టారో తెలియదు గాని ఆ 286లో ఒక పడవ ఆట ఉండేది. నదిలో పైనుంచి బండలూ దుంగలూ వస్తుంటాయి, కింద చిన్న పడవ. దాన్ని బాణం మీటలతో అటూ ఇటూ తప్పించుకుంటూ పోవాలి, అంతే.

సాయంత్రం బస్సుల్లో రద్దీ తగ్గేదాకా కోకిల ఆ పడవ నడిపేది. వెనక ఆఫీసంతా చేరేది. గోడౌను మనుషులు బస్తాలు దించి వచ్చి చూసేవారు. తాళం వేయాల్సిన మేనేజరు తాళంచెవి పట్టుకుని తానూ నిలబడిపోయేవాడు. రెండు బండల మధ్య వెంట్రుకవాసి సందులోంచి పడవ జారిపోతుంటే ఆయన ఊపిరి బిగబట్టేవాడట. రిటైరైన రోజున కంపెనీవాళ్ళు ఆవిడకు వెండి కుంకుమభరిణె ఇచ్చారు. ఆవిడ అది పుచ్చుకుని, ఆ ఆట ఉన్న ఫ్లాపీ కూడా అడిగి తెచ్చుకుంది.

ఇంతమంది చూసిన వేడుకను కట్టుకున్న మొగుడు ఒక్కనాడూ చూడలేదు. గోపాలస్వామి కోడంబాక్కంలోని ఒక డబ్బింగు థియేటర్లో సౌండు విభాగంలో పనిచేశాడు. తమిళ సినిమాలకు తెలుగు మాటలు అతికించే పని. ఆవిడ ఇల్లు చేరే వేళకు ఆయన డ్యూటీకి బయల్దేరేవాడు. ఆయన చెవి పేరుమోసిన చెవి. పెదవి కదిలాక మాట రవ్వంత ఆలస్యంగా వచ్చినా చెయ్యెత్తి ఆపేసేవాడు. ఆ మాటకు అర్థం ఏమిటన్నది మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. అర్థం రచయిత చూసుకుంటాడు, నాకు పెదవి కలిస్తే చాలు అనేవాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

వాళ్ళ వీధి చివర జనని అనే ఆవిడ టైపింగు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. కంప్యూటరు నేర్చుకునే పిల్లలు రెండు వేళ్ళతో పొడుస్తున్నారని, తక్కిన ఎనిమిది వేళ్ళూ దేవుడు ఎందుకిచ్చాడో వాళ్ళకు చెప్పడానికి రమ్మని కోకిలను అడిగింది. వచ్చే వారం పోనిచ్చి ఆపై సోమవారం నుంచి వస్తానని కోకిల మాటిచ్చింది. ఉద్యోగం మానేశాక ఆవిడ మొహంలో అంత కళ రావడం అదే మొదలు. ఈలోగా వేళ్ళను కాస్త దారిలో పెట్టుకోవాలి, ఆఫీసులో ఉండిన మాదిరిదే ఒక కంప్యూటరు ఉంటే బాగుండు అంది. పెళ్ళయినప్పటి నుంచి చూడలేకపోయినదాన్ని చూసే అవకాశం నట్టింట్లోకి నడిచి వస్తుంటే గోపాలస్వామి ఊరుకుంటాడా?

రిచ్చీ వీధిలో ఆయనకు తెలిసిన అంగడి ధర్మలింగానిది. వాళ్ళదీ తరతరాలుగా చింతాద్రిపేటలో స్థిరపడిన తెలుగు కుటుంబమే. ధర్మలింగానికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సరుకు అంటగట్టేటప్పుడు ఇంగ్లీషు. గోపాలస్వామి నోట 286 అనే మాట రాగానే అతను నిజంగా జాలిపడ్డాడు.

"అన్నా, మద్రాసు చెన్నై అయ్యి ఏడాది దాటిపోయింది. మీరింకా 286 అంటారే! దాన్ని ఇప్పుడు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేదానికి తప్ప ఎవురు వాడతారు?"

పోనీ 386 అయినా ఇవ్వమన్నాడు గోపాలస్వామి. దానికి కూడా కర్మకాండలు అయిపోయాయన్నాడు ధర్మలింగం. పాతదే కావాలని అంత మోజుగా ఉంటే 486 ఇస్తానని, అంతకంటే కిందికి దిగితే వీధిలో తన పరువు పోతుందని చెప్పాడు. పాతవాటిలో కొత్తది గదా అని గోపాలస్వామి కూడా సంతోషించాడు. ఇదంతా చెబుతూనే ధర్మలింగం, తుండుగుడ్డ కప్పిన, పాతబడి పసుపురంగు తేలిన ఒక పెట్టె ముందు కూచుని బిల్లు కొట్టి ఇచ్చాడు. గోపాలస్వామి ఆ పెట్టెను గమనించలేదు. ఆయన చూపంతా అట్టపెట్టెలోకి సర్దుతున్న 486 మీదే ఉంది.

ఇంట్లో కుట్టుమిషను ఉండే చోట కంప్యూటరు వెలిసింది. కోకిల మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, మెటికలు విరుచుకుని కూచుంది. ఫ్లాపీ గరగరలాడింది. నది కనిపించింది. పడవ కనిపించింది. ఆవిడ మెచ్చుకోలుగా దాన్ని చూసి మీట మీద వేలు పెట్టేలోగా మూడు బండలు దబదబా దిగి పడవ బద్దలైపోయింది. ఆవిడ నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ బద్దలైంది. అలా చాలాసేపు ప్రయత్నించాక నవ్వడం మానేసి, రెండు చేతులూ ఎత్తి తన వేళ్ళనే తిప్పి తిప్పి చూసుకుంది.

"నా ఏళ్ళు పొయినాయండీ," అని మెల్లగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆట ఎలా ఉండాలో గోపాలస్వామి ఎప్పుడూ చూసి ఎరగడు. నది అంటే అంత ఉరుకులు పరుగులుగానే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. కాని వెనక నిలబడి చూస్తున్న కోడలు ఆశకు సంగతి ఇట్టే తెలిసిపోయింది. ఆశది తెనాలి. పెళ్ళయి ఆర్నెల్లయింది. మొగుడు కార్తీ సినిమాలకు అసిస్టెంటు కెమెరామన్ కావడంతో ఎక్కువ రోజులు అవుట్‌డోర్‌లోనే ఉంటాడు. అప్పుడూ పొల్లాచ్చిలోనే ఉన్నాడు. అందువల్ల ఆ పిల్లకు తమిళం ఇంకా రాలేదు, అత్తవారింటి తెలుగు సగమే వచ్చింది. తక్కిన సగానికి నవ్వి తలూపేది.

"మామయ్యగారూ, అత్తయ్యగారి వేళ్ళకేం కాలేదండీ," అంది ఆశ. "ఈ కంప్యూటరే మరీ తొందరగా ఉంది. ఆ తొందర కాస్త తగ్గితే ఆవిడ బ్రహ్మాండంగా ఆడతారు."

తెనాలిలోనైతే చంటిపిల్లకైనా అర్థమయ్యే మాట ఇది: దీనికి వేగం ఎక్కువైంది, తగ్గించండి. యంత్రం ఎంత జోరైతే అందులోని నదీ అంత జోరు. కాని తమిళంలో తొందర అంటే ఇబ్బంది, పేచీ, పితలాటకం. తాతముత్తాతల నుంచీ తమిళుల మధ్య బతికిన గోపాలస్వామి ఇంట్లోనూ తొందర అంటే అదే. త్వరగా రమ్మనాలంటే వాళ్ళు బిన్నా రా అంటారు, పిల్లలైతే సీక్రం అంటారు. డబ్బింగు థియేటర్లో హీరోలు తొందరగా రమ్మని లెక్కలేనన్నిసార్లు అరిచే ఉంటారు గాని, గోపాలస్వామి అప్పుడు వాళ్ళ పెదవులు చూస్తున్నాడు.

కాబట్టి ఆయనకు వినిపించింది ఇది: కంప్యూటరులో ఏదో లోపముంది, బాగుచేయించండి. ఒక్క చూపులో లోపం కనిపెట్టిన కోడలి తెలివికి ఆయన లోలోపల మురిసిపోయాడు.

"అట్లనా? నువ్వు కనిపెట్టింది మంచిదయిందిమా. ఈ తొందర ఈ పొద్దే తీర్పిస్తాను చూడు," అన్నాడు.

మామగారు తన మాట ఇంత చప్పున అందుకున్నందుకు ఆశ కూడా మురిసింది. ఆర్నెల్లలో ఆ ఇంట్లో తను చెప్పింది పూర్తిగా అర్థమైంది ఇప్పుడే అనుకుంది.

తన అంగట్లో కొన్న వస్తువు తొందర ఇస్తోందని ఫోనులో వినగానే ధర్మలింగానికి పౌరుషం పొడుచుకొచ్చింది. సాయంత్రానికల్లా స్వయంగా వచ్చి 486ను పట్టుకుపోయి, దాని స్థానంలో 486 తర్వాతి రకమైన పెంటియం పెట్టాడు. పాత సరుకుతోనే అన్ని తొందరలూ వస్తాయని, కొత్తదైతే ఏ తొందరా ఉండదని భరోసా ఇచ్చాడు. ఆశ తృప్తిగా తలూపింది. కొత్తవి నెమ్మదిగా నడుస్తాయన్న సంగతి తనకు తెలియనే తెలియదు, ఈ ఊరివాళ్ళకు ఎన్ని తెలుసో అనుకుంది.

కోకిలను బతిమాలి కూచోబెట్టారు. 486లో పడవ మూడు బండలైనా చూసింది. పెంటియంలో మొదటి బండకే పోయింది. ఆ పూట ఆవిడ పెరుగన్నం కూడా సగంలో వదిలేసి లేచింది.

"మామయ్యగారూ, తొందర తగ్గలేదండీ. ముందుదానికన్నా ఇంకా ఎక్కువైంది," అంది ఆశ, ఇలా చెప్పాల్సి వచ్చినందుకు నొచ్చుకుంటూ.

గోపాలస్వామి మళ్ళీ ఫోను చేశాడు. పెంటియం తొందర ఇవ్వడమా అని ధర్మలింగం రెండుసార్లు అడిగాడు. తర్వాత తేరుకుని, తొందర యంత్రంలో కాదు, ఇంటి కరెంటులో ఉండి ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించమన్నాడు. మర్నాడు కన్నియప్పన్ వచ్చాడు. పాత ఇళ్ళ వైరింగు మీద అతనికి చెప్పలేనంత కోపం. మీటరు పెట్టె విప్పి, తనకు ముందు పనిచేసినవాణ్ణి తిడుతూ వైర్లు బయటికి లాగసాగాడు.

"ఇది సరిచేస్తే తొందర తగ్గుతుందాండీ?" అని ఆశ వినయంగా అడిగింది.

"కరెంటు సరిగ్గా ఉంటే తొందర ఎట్లొస్తాదిమా? అంతా తగ్గిపోతాది," అన్నాడు కన్నియప్పన్.

ఫ్యానుకు రెగ్యులేటరు ఉన్నట్టే కంప్యూటరుకూ ఏదో బిగిస్తున్నారని ఆశ అర్థం చేసుకుంది. రెగ్యులేటరు ఇంకా తిప్పలేదుగాని బిల్డింగు మొత్తానికీ కరెంటు పోయింది. నీళ్ళ మోటారు ఆగిపోయింది. పై వాటాలో తలంటుకుంటున్న గోవిందన్ నురగ తలతోనే మెట్లు దిగి వచ్చి, ఈడ ఏం తొందరని అడిగాడు. కంప్యూటరుకు తొందర ఎక్కువైందని ఆశ చెప్పింది. కంప్యూటరుకు తొందరైతే నా తలేం చేసిందని ఆయన నిలదీశాడు. పక్కింటి బావి నుంచి బిందెలు మోయించి గోపాలస్వామే ఆయన తల కడిగించాడు.

కరెంటు తిరిగొచ్చాక కూడా పడవ మొదటి బండకే పోయింది. దాంతో ధర్మలింగానికి ఇక ఇది వ్యాపారం కాకుండా పోయింది, పంతమైంది. అప్పుడే వీధిలోకి దిగిన ఎమ్మెమ్మెక్స్ అనే సరికొత్త పెంటియంను, ఇంకా ఎవరికీ అమ్మనిదాన్ని, తర్వాతి శనివారానికల్లా కోకిల వదినె కోసమని ఆటోలో పంపాడు. దాన్ని చూడ్డానికి వీధిలోవాళ్ళు వరసగా వచ్చారు. అది అంత గొప్ప యంత్రం. అందులో పడవ కనిపించనే లేదు. మీట నొక్కగానే ఆట ముగిసిందన్న మాటే తెర మీదికి వచ్చింది.

కోకిల లేచి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, తిన్నగా ఫోను దగ్గరికి వెళ్ళింది. వేరే ఎవరినైనా చూసుకొమ్మని జననితో చెప్పింది. జనని ఒప్పుకోలేదు. ఆదివారం సాయంత్రం దాకా ఆలోచించుకోండి, అప్పటికీ కాదంటే చూద్దాం అంది. పక్కనే నిలబడ్డ ఆశకు ఏడుపొచ్చింది. మీ వేళ్ళు బాగానే ఉన్నాయి అత్తయ్యా, అంతా ఆ తొందరవల్లే అంది.

"తొందర దానిది కాదుమా, నాదే," అంది కోకిల. "పిలకాయలకు ఏళ్ళు నేర్పించేదానికి నాకు ఏళ్ళుండాల గదా."

కోకిల లోపం తనదే అంటోంది. అత్తగారు తానే తొందరపడుతున్నానని ఒప్పుకుంటున్నారని ఆశకు వినిపించింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కాసేపు కూచున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఆ ప్రేమలో మాత్రం పొరపాటేమీ లేదు.

ఆ సాయంత్రమే పొల్లాచ్చిలోని ఒక ఎస్టీడీ బూతు నుంచి కార్తీ ఫోను చేశాడు. ఇంట్లో ఎట్లుందని అడిగాడు.

"ఏం చెప్పనండీ, ఇంట్లో ఒకటే తొందర," అంది ఆశ. "మొదట కాస్తే ఉండేది, రోజురోజుకీ పెరిగిపోతోంది. అత్తయ్యగారికి అన్నం సయించడం లేదు. రిచ్చీ వీధి నుంచి ఒక పెద్దమనిషిని కూడా పిలిపించారు మామయ్యగారు."

అక్కడితో లైను కట్టయింది. అత్త, తొందర, పెద్దమనిషి, ఈ మూడు మాటలూ కలిపి కొత్తగా పెళ్ళయిన ఏ మొగుడైనా చేరే ముగింపుకే కార్తీ చేరాడు. కెమెరా లెన్సులు ఇంకొకడికి అప్పగించి, దొరికిన బస్సెక్కి, ఆదివారం పొద్దున గడ్డం మాసిన మొహంతో ఇంట్లో దిగాడు. చెప్పులు విప్పకుండానే తల్లి వైపు బాధగానూ, పెళ్ళాం వైపు అనుమానంగానూ, తండ్రి వైపు నువ్వుండీ ఏం చేశావన్నట్టుగానూ చూశాడు.

సరిగ్గా అప్పుడే ధర్మలింగం కూడా దిగాడు. ఎమ్మెమ్మెక్స్‌ను అంగడికి తీసుకుపోయి స్క్రూ స్క్రూ విప్పి చూస్తే తప్ప అతనికి నిద్ర పట్టేలా లేదు. అంతవరకు ఇల్లు బోసిగా ఉండకూడదని తుండుగుడ్డలో చుట్టి ఏదో తెచ్చాడు. విప్పితే పసుపురంగు తేలిన పాత పెట్టె. అది 286. తన అంగట్లో బిల్లులు కొట్టే కంప్యూటరట. ఇట్లాంటిది మీ ఇంట్లో పెట్టేదానికి సిగ్గుగా ఉండాది, రెండు దినాలు ఓర్చుకోండన్నా అంటూ, కనీసం నడుస్తోందని చూపించడానికి కోకిల ఫ్లాపీయే అందులో వేసి మీట నొక్కాడు.

కార్తీకి కంప్యూటరు గొడవేమీ తెలియదు. వచ్చినవాడే పెద్దమనిషి అనుకుని అతని ముందే తేల్చుకోవాలనుకున్నాడు.

"అమ్మా, ఈయనుండంగానే చెప్పేసెయ్. నీకూ ఆశకూ ఏం తొందర?"

"మాకేం తొందరరా?" అని కోకిల నిర్ఘాంతపోయింది.

"నాకేం తొందర లేదండీ. తొందరంతా ఆ పడవకి," అంది ఆశ.

హాలులో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పడవకు ఏ తొందర వస్తుందో కార్తీకి బోధపడలేదు. అంతలో కోకిల తల తిప్పి తెర వైపు చూసింది. అక్కడ పడవ పోతోంది. పైనుంచి ఒక బండ తీరిగ్గా దిగుతోంది, దాని వెనక ఒక దుంగ. చింతాద్రిపేట ఆఫీసు కిటికీ పక్కన, సాయంత్రపు ఎండలో, ఎన్నో ఏళ్ళు తను నడిపిన నది అదే నడకతో కదులుతోంది. ఆవిడ మరి ఎవరినీ పట్టించుకోకుండా వెళ్ళి కుర్చీలో కూచుంది.

ఆ తర్వాత అక్కడ జరిగింది చూడవలసిందే. ఎడమచేయి ఊరికే ఒళ్ళో ఉంది. కుడిచేతి మూడు వేళ్ళు మీటల మీద అలా అలా తేలుతున్నాయి, నొక్కినట్టే లేదు. బండ రాకముందే పడవ పక్కకు జరిగి ఉండేది, వచ్చాక తప్పుకున్నట్టు ఒక్కసారీ అనిపించలేదు. నది ఇరుకైంది. బండలు జతలు జతలుగా వచ్చాయి. ఆ జతల మధ్యనుంచి, ఇక సందే లేదనుకున్న చోటనుంచి, పడవ ఒరుసుకోకుండా జారిపోయింది. మధ్యలో ఆవిడ తల తిప్పకుండానే, పొయ్యి మీద పాలు పెట్టినాను ఆపుమా అని ఆశకు చెప్పింది. పడవ ఆగలేదు.

ధర్మలింగం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వీధిలో వేగం అమ్ముకునే మనిషి, వేగమంటే ఏమిటో అప్పుడే చూస్తున్నట్టున్నాడు. కార్తీ చెప్పులు ఇంకా విప్పలేదు. గోపాలస్వామి భార్య వెనక, ఆఫీసులో మేనేజరు నిలబడిన చోటనే నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు. ఇన్నేళ్ళూ ఈవిడ ఇంట్లో కూర తరుగుతున్నప్పుడు ఆ వేళ్ళ వైపు ఒక్కసారైనా సరిగ్గా చూశానా అనుకున్నాడు. ఆయన కళ్ళు తడిసిన సంగతి ఆయన దాచుకోలేదు.

"చూశారా మామయ్యగారూ, ఇప్పుడు తొందర లేదు," అంది ఆశ.

"అవునుమా, ఒక్క తొందర లేదు," అన్నాడు గోపాలస్వామి.

"ఇలా నిదానంగా ఉంటేనే ఆవిడకు సరిపోతుంది. అవన్నీ మరీ స్పీడు కదండీ."

నిదానం అన్న మాట తమిళంలోనూ నిదానమే. స్పీడు ఎక్కడైనా స్పీడే. గోపాలస్వామి మెల్లగా కోడలి వైపు తిరిగాడు.

"స్పీడా? అవి శానా స్పీడని చెప్తావుండావా నువ్వు?"

"మొదటి రోజు నుంచీ అదేగా చెబుతున్నాను మామయ్యగారూ, తొందర, తొందర అని."

పెదవికీ మాటకూ మధ్య రవ్వంత తేడా పట్టుకున్న ఆ గొప్ప చెవి ఒకసారి ఎర్రబడింది. కార్తీ ఎస్టీడీ బూతులో విన్నదంతా మరోసారి నెమరేసుకుని, కుర్చీలో కూలబడి, ఎట్టకేలకు చెప్పులు విప్పాడు. ధర్మలింగానికి మాత్రం అర్థం కావడానికి మరికాస్త సమయం పట్టింది. వేగం ఎక్కువైందని ఒక కస్టమరు ఫిర్యాదు చేయవచ్చునన్న ఆలోచన అతని బుర్రలోకి వెళ్ళడానికి దారి లేదు. అది వెళ్ళాక, వెళ్ళకుండా ఉంటే బాగుండుననిపించింది. తొందర పోగొట్టడానికి తొందర మీద తొందర మోసుకొచ్చింది తనే మరి.

కోకిల మీటల మీదనుంచి చెయ్యి తీయకుండానే అంతా విని, పడవను ఒక గట్టు పక్కన ఆపి లేచింది. ఆశను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. నువ్వొకత్తివే మా, నా ఏళ్ళు బాగుండాయని చెప్పినదానివి అంది. తర్వాత ఫోను దగ్గరికి వెళ్ళి, రేపు ఎన్ని గంటలకు రావాలని జననిని అడిగింది.

ధర్మలింగం 286ను మళ్ళీ తుండుగుడ్డలో చుట్టబోతే కోకిల ఒప్పుకోలేదు. అంతమందికి కొత్తవి అమ్ముతూ తను మాత్రం ఇంత పాతదాన్ని ఎందుకు ఉంచుకున్నాడని గోపాలస్వామి అడిగాడు. ధర్మలింగం కాస్త నసిగాడు.

"బిల్లు కొట్టేదానికి ఇది చాలన్నా. ఇన్నేండ్లుగా నాకు ఒక్క తొందర ఇయ్యలేదు," అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

చివరికి 286 కోకిల ఇంట్లో ఉండిపోయింది, ఎమ్మెమ్మెక్స్ ధర్మలింగం బల్ల మీదికి వెళ్ళింది. సోమవారం నుంచి జనని ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు పది వేళ్ళూ బయటికి తీశారు. సాయంత్రాలు కోడంబాక్కంలో ఆ ఇంటి హాలులో పడవ నడుస్తుంది. గోపాలస్వామి వెనక నిలబడే ఉంటాడు. కుర్చీ వేస్తే కూచోడు. గోవిందన్ కూడా తల తడి లేని వేళల్లో దిగి వస్తాడు.

ఆ నెలాఖరున మౌంట్ రోడ్డు మీదుగా వెళ్తూ గోపాలస్వామి రిచ్చీ వీధిలోకి తిరిగి ధర్మలింగం అంగట్లోకి తొంగిచూసి, బిల్లులు కొట్టే కొత్త కంప్యూటరు ఎట్లుందని అడిగాడు. "ఒకటే తొందరన్నా," అన్నాడు ధర్మలింగం. ఏ ఊరి తెలుగులో అంటున్నాడో గోపాలస్వామి అడగలేదు.